ఇల్లు ఒకటే, విలువలు నాలుగు



విజయవాడలోనో, వరంగల్‌లోనో, హైదరాబాద్ శివార్లలోనో మీకు సొంత ఫ్లాటు ఉందనుకుందాం. ఒకసారి బీరువా తెరిచి ఆ ఇంటి కాగితాలన్నీ మంచం మీద పరిచి చూడండి. రిజిస్ట్రేషన్ దస్తావేజులో ఇంటి ఖరీదు 52 లక్షలని ఉంటుంది. లోను ఇచ్చేముందు బ్యాంకు పంపిన ఇంజినీరు రిపోర్టులో 78 లక్షలని ఉంటుంది. మునిసిపాలిటీవాళ్లు పంపిన ఇంటి పన్ను నోటీసులో ఈ రెండూ కాని ఇంకో లెక్క ఉంటుంది. ఇంటాయన్ని అడిగితే మాత్రం, "ఎక్కడి 52, ఎక్కడి 78! మేము 80 లక్షలు పోసి కొన్నాం" అంటాడు.

ఒకే మనిషికి పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక పుట్టినతేదీ, ఆధార్‌లో మరో పుట్టినతేదీ ఉన్నట్టుంటుంది ఈ వ్యవహారం. దేనికది విడిగా ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. రెండూ ఒకే అధికారి బల్ల మీదికి వచ్చిననాడే చిక్కు. ఇంటికి ఆ రోజు ఎప్పుడొస్తుంది? లోను తీసుకునేటప్పుడు, ఇల్లు అమ్మేటప్పుడు, ఆదాయపు పన్ను లెక్క చూపేటప్పుడు, రోడ్డు కోసమో కాలవ కోసమో ప్రభుత్వం స్థలం తీసుకునేటప్పుడు వస్తుంది. ప్రభుత్వం మన ఇంటికి కట్టే విలువ మన పన్నుల మీద, మన అప్పు మీద ఎలా పనిచేస్తుందో ఈ పూట మాట్లాడుకుందాం.

ముందుగా, ఈ ప్రభుత్వ విలువను ఎవరు కడతారు? సబ్‌రిజిస్ట్రార్ తన ఇష్టప్రకారం వేసే అంకె కాదది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1998లో మార్కెట్ విలువల మార్గదర్శకాల సవరణ నియమాలను తెచ్చింది. వాటి ప్రకారం ఊరూరికీ, వార్డు వార్డుకీ కమిటీలు కూర్చుని విలువలు నిర్ణయిస్తాయి. పట్టణాల్లో గజానికి ఇంత, పొలాల్లో ఎకరానికి ఇంత, భవనాలకు చదరపు అడుగుకు ఇంత అని రిజిస్టర్లలో రాస్తారు. కొన్నిచోట్ల మెయిన్ రోడ్డు మీది డోర్ నంబర్లకు ఒక రేటు, వెనక సందులోని డోర్ నంబర్లకు మరో రేటు ఉంటుంది. రెండు రాష్ట్రాల రిజిస్ట్రేషన్, స్టాంపుల శాఖల వెబ్‌సైట్లలోనూ ఈ విలువలను ఎవరైనా చూసుకోవచ్చు. జిల్లా, మండలం, గ్రామం ఎంచుకుని సర్వే నంబరో డోర్ నంబరో కొడితే చాలు.

ఈ విలువ మొదట తగిలేది రిజిస్ట్రేషన్ నాడు. దస్తావేజులో మీరు రాసుకున్న ధర, ప్రభుత్వ విలువ, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే దాని మీద స్టాంపు డ్యూటీ కట్టాలి. ప్రస్తుతం ఆంధ్రప్రదేశ్‌లో క్రయ దస్తావేజుకు స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం ఒకటిన్నర శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం, మొత్తం ఏడున్నర శాతం. తెలంగాణలో విభజన కాస్త వేరు. అక్కడ స్టాంపు డ్యూటీ అయిదున్నర, బదిలీ సుంకం ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు అర శాతం. మొత్తం అక్కడా ఏడున్నరే. 50 లక్షల ఇంటికి 3 లక్షల 75 వేల రూపాయలు చలానా కట్టాల్సి వస్తుంది.

ఆ ప్రభుత్వ విలువ మీ స్థలానికి నిజంగానే ఎక్కువని మీకు అనిపిస్తే? ఇంటి ముందు హైటెన్షన్ తీగ పోతుండవచ్చు, వాన పడితే మోకాలి లోతు నీళ్లు నిలవవచ్చు, కోర్టులో దావా నడుస్తుండవచ్చు. రిజిస్టర్‌లోని రేటుకు ఇవేవీ తెలియవు. అలాంటప్పుడు స్టాంపు చట్టంలో 47-ఎ సెక్షన్ ఉంది. అదనంగా కట్టమన్న డ్యూటీలో సగం డిపాజిట్ చేసి, విలువ తేల్చమని జిల్లా స్థాయి అధికారికి పంపించమని కోరవచ్చు. అక్కడ విచారణ జరుగుతుంది, మీ వాదన వింటారు. ఈ దారి ఉన్న సంగతి చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లలో చాలామంది ఆలస్యానికి భయపడి అడిగినంతా కట్టేస్తారు.

రెండో సంగతి, ఏటా వచ్చే ఇంటి పన్ను. ఇక్కడ రెండు తెలుగు రాష్ట్రాల దారులు వేరయ్యాయి. హైదరాబాద్ మహానగరంలో పన్నుకు ఆధారం అద్దె. ఇంటిని అద్దెకిస్తే చదరపు అడుగుకు నెలకు ఎంత వస్తుందని కార్పొరేషన్ అంచనా వేస్తుంది. ఆ ఇంట్లో మీరే ఉంటున్నా లెక్క అదే. ఉదాహరణకు వెయ్యి చదరపు అడుగుల ఇల్లు, అడుగుకు 2 రూపాయల అద్దె అనుకుందాం. ఏడాదికి 24 వేలు. కొత్త ఇల్లయితే అందులోంచి మరమ్మతుల కింద 10 శాతం తీసేస్తారు. మిగిలిన 21,600 మీద, అన్నిటికంటే ఎక్కువ రేటున్న శ్లాబు ప్రకారం 30 శాతం పన్ను వేస్తారు. అంటే దాదాపు 6,500 రూపాయలు. ఈ పద్ధతిలో భూమి ధర కోటి అయినా రెండు కోట్లయినా, అద్దె అంచనా మారనంతవరకు పన్ను మారదు.

ఆంధ్రప్రదేశ్ ఈ పద్ధతిని వదిలేసింది. మునిసిపల్ చట్టాలను 2020లో సవరించి, 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి మూలధన విలువ మీద పన్ను వేయడం మొదలుపెట్టింది. మూలధన విలువ అంటే స్థలం విలువ, దాని మీది భవనం విలువ కలిపిన మొత్తం. ఈ రెండిటికీ ఆధారం రిజిస్ట్రేషన్ శాఖ పుస్తకంలోని రేట్లే. నివాస భవనాలకు అందులో 0.10 నుంచి 0.50 శాతం మధ్య, వాణిజ్య భవనాలకు 0.20 నుంచి 2 శాతం మధ్య ఎంత వెయ్యాలో స్థానికంగా నిర్ణయించుకోవచ్చన్నారు.

దీని ఫలితమేమిటో చిన్న లెక్కలో చూద్దాం. మీ ఇంటి ప్రభుత్వ విలువ 40 లక్షలు, మీ ఊళ్లో పన్ను రేటు 0.15 శాతం. ఏడాదికి 6 వేల రూపాయలు. రిజిస్ట్రేషన్ శాఖ విలువలు సవరించింది, మీ ఇల్లు 50 లక్షలకు చేరింది. పన్ను లెక్క 7,500 అవుతుంది. ఆ దెబ్బ ఒక్కసారి పడకుండా, ఒక ఏడాదిలో పెరుగుదల 15 శాతం మించకూడదని పరిమితి పెట్టారు. కాబట్టి ఆ ఏడు 6,900 కడతారు, మిగతాది తర్వాతి ఏళ్లలో ఎక్కుతుంది. ఇల్లు కొనని, అమ్మని మనిషికి కూడా రిజిస్ట్రేషన్ విలువ సవరణతో సంబంధం ఏర్పడింది. పింఛను మీద బతుకుతూ 30 ఏళ్లుగా అదే ఇంట్లో ఉంటున్న పెద్దాయన, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు గడప తొక్కకుండానే ఆ ఆఫీసు అంకెకు పన్ను కడుతున్నాడు. మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. ఆ అంకెను గమనించాల్సిన అవసరం మాత్రం ఆయనకూ వచ్చింది.

ఇక్కడే ఇంకో మాట చెప్పాలి. ప్లాను లేకుండా వేసుకున్న పై అంతస్తుకు కూడా మునిసిపాలిటీ పన్ను వేస్తుంది, అపరాధ రుసుముతో సహా వేస్తుంది. పన్ను రసీదు చేతికొచ్చింది కదా, అంతస్తు సక్రమమైపోయింది అని కొందరు అనుకుంటారు. అలా కాదు. పన్ను వేయడం వేరు, అనుమతి ఇవ్వడం వేరు. ఆ అంతస్తును చూపించి అప్పు అడిగితే, బ్యాంకు పంపిన ఇంజినీరు అనుమతి ఉన్న ప్లాను అడుగుతాడు. ప్లానులో లేని అంతస్తుకు మామూలుగా విలువ కట్టడు. మునిసిపాలిటీ లెక్కలో ఉన్న అంతస్తు బ్యాంకు లెక్కలో ఉండదు.

అప్పు మాట వచ్చింది కాబట్టి ఇప్పుడు బ్యాంకు దగ్గరికి వెళదాం. ఇంటి ఖరీదులో ఎన్నో వంతు అప్పుగా ఇవ్వవచ్చో రిజర్వు బ్యాంకు పరిమితులు పెట్టింది. 30 లక్షల లోపు అప్పయితే విలువలో 90 శాతం దాకా ఇవ్వవచ్చు. 30 లక్షల నుంచి 75 లక్షల మధ్య అయితే 80 శాతం. 75 లక్షలు దాటితే 75 శాతం. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులను మామూలుగా ఈ ఖరీదులో కలపకూడదు. 10 లక్షల లోపు ఇళ్లకు మాత్రమే సడలింపు ఉంది. అంటే చలానా డబ్బు మీ జేబులోంచి రావాల్సిందే.

మరి ఎన్నో వంతు సరే, ఏ విలువలో? బ్యాంకు చేతిలో రెండు అంకెలుంటాయి. ఒకటి మీ దస్తావేజులోని ధర. రెండోది బ్యాంకు ప్యానెల్‌లోని ఇంజినీరు ఇల్లు చూసి రాసిచ్చిన విలువ. సాధారణంగా బ్యాంకులు ఈ రెండిట్లో తక్కువైనదాన్ని పట్టుకుంటాయి. ఇంజినీరు 78 లక్షలు రాసినా, దస్తావేజులో 52 లక్షలే ఉంటే, లెక్క 52 దగ్గర మొదలవుతుంది.

ఇప్పుడు మొదట చెప్పిన ఫ్లాటు దగ్గరికి వద్దాం. అసలు ధర 80 లక్షలు. ప్రభుత్వ విలువ 52 లక్షలు. అమ్మేవాడు అంటాడు: "52కే రాయించుకుందాం, మిగతా 28 నగదుగా ఇచ్చేయండి. మీకు స్టాంపు డ్యూటీ కలిసొస్తుంది." డాక్యుమెంట్ రైటరు కూడా, అందరూ చేసేదే కదా అంటాడు. కొనేవాడు ఆ మాట విని తల ఊపుతాడు. అతనికి నిజంగా కలిసొచ్చేదెంత? 28 లక్షల మీద ఏడున్నర శాతం, అంటే 2 లక్షల 10 వేలు.

పోయేదెంతో కూడా చూద్దాం. 80 లక్షలకు రాయించుకుని ఉంటే, బ్యాంకు 80 శాతం లెక్కన 64 లక్షల దాకా అప్పు ఇవ్వగలిగేది. ఇంజినీరు రాసిన 78 లక్షలనే పట్టుకున్నా 62 లక్షలు దాటేది. 52కు రాయించుకున్నందుకు అప్పు 41 లక్షల 60 వేల దగ్గర ఆగిపోతుంది. తేడా 20 లక్షల పైమాటే. ఆ 20 లక్షలను, పైగా నగదుగా, మధ్యతరగతి మనిషి ఎక్కడినుంచి తేవాలి? భార్య నగలు కుదువ పెడతాడు, చిట్టీ పాడతాడు, లేకపోతే రూపాయిన్నరకో రెండు రూపాయలకో చేబదులు తెస్తాడు. నూటికి నెలకు 2 రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24. 10 లక్షలు అలా తెస్తే ఒక్క ఏడాది వడ్డీయే 2 లక్షల 40 వేలు. స్టాంపు డ్యూటీలో మిగిలింది మొదటి ఏడాది వడ్డీకే చాలలేదు.

కథ అక్కడితో అయిపోదు. పదేళ్ల తర్వాత ఆ ఫ్లాటును కోటీ పది లక్షలకు అమ్ముతాడనుకుందాం. అప్పటి కొనుగోలుదారు పూర్తిగా బ్యాంకు అప్పు మీద కొంటున్నాడు కాబట్టి మొత్తం తెల్లగానే రాయాలంటాడు. ఇతని లాభమెంత? నిజానికి 30 లక్షలు. కాగితం మీద 58 లక్షలు, ఎందుకంటే కొన్న ధర 52 లక్షలని తానే సంతకం పెట్టాడు. 2024 జులై 23 నుంచి స్థిరాస్తి మీద దీర్ఘకాలిక మూలధన లాభం పన్ను పన్నెండున్నర శాతం. లేని 28 లక్షల లాభం మీద కట్టాల్సిన పన్ను 3 లక్షల 50 వేలు. ఆనాడు మిగుల్చుకున్నదానికంటే ఈనాడు కట్టేదే ఎక్కువ.

పన్ను ఎగ్గొట్టింది నిజానికి ఎవరు? అమ్మినవాడు. ఆ 28 లక్షల నగదు అతని లెక్కలో లేదు, దాని మీద లాభం పన్ను లేదు. కొన్నవాడు ఆ పన్ను బరువును తన భుజానికెత్తుకుని, పదేళ్ల తర్వాత తాను దించాడు. పైగా ప్రమాదం వేరే ఉంది. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆ పైన నగదుగా తీసుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. తీసుకున్నవాడికి తీసుకున్నంతా జరిమానాగా పడవచ్చు. 30 లక్షలు, ఆ పైన జరిగే ప్రతి ఆస్తి లావాదేవీ వివరాలను రిజిస్ట్రేషన్ ఆఫీసులు ఆదాయపు పన్ను శాఖకు పంపుతాయి. దస్తావేజులో విలువకు సంబంధించిన వాస్తవాలన్నీ ఉన్నవి ఉన్నట్టు రాయాలని స్టాంపు చట్టం 27వ సెక్షన్ చెబుతుంది. అందరూ చేస్తున్నంత మాత్రాన తప్పు ఒప్పయిపోదు.

ఇంతవరకు ప్రభుత్వ విలువ అసలు ధరకంటే తక్కువగా ఉన్నప్పటి సంగతి. తలకిందులుగా కూడా జరుగుతుంది. ఊరి చివర వెంచర్లలో, ధరలు పడిపోయిన ప్రాంతాల్లో, ప్రభుత్వ విలువే అసలు ధరకంటే ఎక్కువగా ఉంటుంది. కూతురి పెళ్లికో ఆస్పత్రి ఖర్చుకో అర్జెంటుగా అమ్ముకునేవాడికి ఇది ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ప్రభుత్వ విలువ 60 లక్షలున్న స్థలాన్ని ఒకాయన నిజంగానే, పూర్తిగా బ్యాంకు ద్వారా, 50 లక్షలకు అమ్మాడనుకుందాం. ఆదాయపు పన్ను చట్టం 10 శాతం తేడా వరకు ఓర్చుకుంటుంది. అమ్మిన ధర 50 లక్షలు, దాని మీద 10 శాతం కలిపితే 55. ప్రభుత్వ విలువ 60, ఆ గీత దాటిపోయింది. కాబట్టి ఆయన 60 లక్షలకు అమ్మినట్టే లెక్క వేసి లాభం మీద పన్ను అడుగుతారు. కొన్నాయనకు ఇంకో దెబ్బ. 10 లక్షలు తక్కువకు దొరికింది కాబట్టి, ఆ 10 లక్షలను అతని ఆదాయంగా భావించి పన్ను వేస్తారు. రాని డబ్బు మీద ఒకరికి, కంటికి కనపడని ఆదాయం మీద ఇంకొకరికి పన్ను.

దీనికీ ఒక దారి ఉంది. స్థలం అసలు విలువ అంత లేదని ఆదాయపు పన్ను అధికారి దగ్గర వాదించి, శాఖలోని వాల్యుయేషన్ అధికారి చేత విలువ కట్టించమని అడగవచ్చు. స్టాంపు డ్యూటీ విషయంలో ఆ విలువ మీద అప్పటికే అప్పీలుకు వెళ్లి ఉండకూడదన్న షరతు ఉంది. కాబట్టి ఏ దారిలో పోవాలో ముందే ఆడిటర్‌ని అడిగి తేల్చుకోవడం మంచిది. ఇంకో జాగ్రత్త. అగ్రిమెంటు రాసుకున్న నాటికి, రిజిస్ట్రేషన్ నాటికి మధ్య ప్రభుత్వ విలువ పెరిగితే, అగ్రిమెంటు నాటి విలువనే లెక్కలోకి తీసుకోమని అడగవచ్చు. దానికి అడ్వాన్సు కొంతయినా చెక్కు ద్వారానో బ్యాంకు బదిలీ ద్వారానో అగ్రిమెంటు నాటికే వెళ్లి ఉండాలి. నగదు అడ్వాన్సుకు ఆ రక్షణ లేదు.

తాతల నాటి ఆస్తి అమ్ముకునేవాళ్లకు కూడా ఈ విలువతో పని పడుతుంది. 2001కి ముందు సంపాదించిన ఆస్తికి, 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా చూపించుకునే వెసులుబాటు ఉంది. కానీ స్థలానికీ భవనానికీ ఆ విలువ, ఆనాటి ప్రభుత్వ విలువను మించకూడదని 2020లో నిబంధన తెచ్చారు. అప్పట్లో ఆ ఊళ్లో గజం నిజంగా రెండు వేలు పలికి ఉండవచ్చు. రిజిస్టర్‌లో 600 రాసి ఉంటే, మీ కొన్న ధర 600 దగ్గరే ఆగుతుంది.

ఇక భూసేకరణ. ప్రభుత్వ విలువ తక్కువగా ఉంటే స్టాంపు డ్యూటీ తగ్గుతుందని సంతోషించే ఊరు, రింగు రోడ్డు వస్తుందనగానే అదే విలువను చూసి గుండె బాదుకుంటుంది. ఆదిలాబాద్ నుంచి వెళ్లిన ఒక భూసేకరణ కేసులో 1994లో సుప్రీంకోర్టు, ఈ ప్రాథమిక విలువల రిజిస్టరు స్టాంపు డ్యూటీ వసూలు కోసం తయారుచేసుకున్నదని, నష్టపరిహారం తేల్చడానికి దాన్ని ఆధారం చేసుకోకూడదని చెప్పింది. తర్వాత 2013లో వచ్చిన కొత్త భూసేకరణ చట్టం దృశ్యాన్ని మార్చింది. స్టాంపు చట్టం ప్రకారం ఉన్న విలువ, చుట్టుపక్కల జరిగిన అమ్మకాల సగటు ధర, ఒప్పుకున్న పరిహారం, వీటిలో ఏది ఎక్కువైతే అది మార్కెట్ విలువ అంది. సేకరణ మొదలుపెట్టే ముందు కలెక్టరు ఆ ప్రాంతపు విలువలను సవరించాలని కూడా చెప్పింది. అయితే సగటు తీసేది దేనిలోంచి? రిజిస్టరైన దస్తావేజుల్లోంచే. ఊరంతా ధర తగ్గించి రాయించుకుంటే, ఆ తగ్గించిన ధరే ఊరంతటికీ పరిహారమై తిరిగొస్తుంది. నిజం ధర రాయించుకున్న ఒకరిద్దరి దస్తావేజులు ఆనాడు ఊరికి సాక్ష్యాలవుతాయి.

ప్రభుత్వాల బాధ్యత కూడా మాట్లాడుకోవాలి. 1998 నియమాల ప్రకారం పట్టణాల్లో ఏటా, గ్రామాల్లో రెండేళ్లకోసారి విలువలు సవరించాలి. తెలంగాణలో 2013 తర్వాత 2021 జులై దాకా సవరణే లేదు. ఎనిమిదేళ్లు ఊరుకుని, 2021 జులైలో విలువలు పెంచారు, అదే రోజు నుంచి మొత్తం సుంకాన్ని 6 నుంచి ఏడున్నర శాతానికి పెంచారు. ఏడు నెలలు తిరగకుండా 2022 ఫిబ్రవరిలో మళ్లీ విలువలు పెంచారు. 30 లక్షల విలువకు 6 శాతం లెక్కన 1 లక్షా 80 వేలు కట్టాల్సినవాడు, ఆ విలువ 30 శాతం పెరిగి 39 లక్షలై, రేటు ఏడున్నర అయ్యేసరికి 2 లక్షల 92 వేల 500 కట్టాడు. ఒక్క రాత్రిలో లక్షకు పైగా తేడా. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఫిబ్రవరి 1 నుంచి సవరించిన విలువలు వస్తాయనగానే, అంతకు ముందు రోజుల్లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల దగ్గర జనం బారులు తీరారు. ఏటా కొంచెం కొంచెం, ముందే చెప్పి, నిజమైన అమ్మకాలను చూసి పెంచితే ఈ తొక్కిసలాట ఉండదు. విలువ అసలు ధరకు దగ్గరగా వస్తే నల్లడబ్బుకు చోటు తగ్గుతుంది. అప్పుడు రేటును తగ్గించినా ఖజానాకు లోటు రాదు. విలువనూ రేటునూ ఒకేసారి పెంచితే, నిజాయితీగా రాయించుకునేవాడికే శిక్ష పడుతుంది.

ఇదంతా మన దగ్గరే అనుకోకండి. అమెరికాలో డాలస్ చుట్టుపక్కల స్థిరపడిన మన తెలుగువాళ్లను అడగండి. టెక్సస్‌లో ప్రతి ఏడాదీ జనవరి 1 నాటి విలువను కౌంటీ అధికారులు లెక్కగట్టి, వసంతకాలంలో ఇంటికి నోటీసు పంపుతారు. అక్కడ చాలామందికి ఆస్తి పన్ను నెలవారీ ఇంటి అప్పు వాయిదాలోనే కలిసి ఉంటుంది. అప్పిచ్చిన సంస్థ ఆ డబ్బు పోగుచేసి పన్ను కడుతుంది. విలువ పెరిగితే పన్ను పెరుగుతుంది, దాంతో వడ్డీ రేటు మారకపోయినా నెల వాయిదా పెరుగుతుంది. సొంత నివాసానికి పన్ను వేసే విలువ ఏడాదికి 10 శాతం మించి పెరగకూడదన్న రక్షణ ఉంది, కానీ దానికి యజమాని దరఖాస్తు పెట్టుకోవాలి. విలువ ఎక్కువనిపిస్తే మామూలుగా మే 15 లోగా అభ్యంతరం చెప్పాలి. ఆ గడువును అక్కడివాళ్లు పండగ తేదీలా గుర్తుపెట్టుకుంటారు. ఆ అలవాటు మనకూ రావాలి.

సరే, ఇంతా విని మనం ఏం చేయాలి? కాగితం, పెన్ను దగ్గరుంటే రాసుకోండి.

కొనబోయేవాళ్లు బేరం కుదరకముందే ప్రభుత్వ విలువ వెబ్‌సైట్‌లో చూసుకోండి. అగ్రిమెంటు రాసుకునేలోపే బ్యాంకుకు వెళ్లి, ఏ విలువ మీద ఎంత ఇస్తారో అడగండి. నెత్తిన గుడ్డేసుకుని నగదు వెతుక్కునే అవస్థ అక్కడే తప్పుతుంది. ధర గానీ ప్రభుత్వ విలువ గానీ 50 లక్షలు, ఆ పైన ఉంటే, అమ్మినవారికి ఇచ్చే డబ్బులోంచి 1 శాతం పన్ను మినహాయించి ప్రభుత్వానికి కట్టే బాధ్యత కొనేవాళ్లదే. అమ్మేవారు విదేశాల్లో ఉంటే ఈ లెక్క వేరు, మినహాయింపు చాలా ఎక్కువ. అప్పుడు ఆడిటర్ సలహా లేకుండా డబ్బు చెల్లించకండి.

సొంతింట్లో ఉంటున్నవాళ్లు పన్ను నోటీసు రాగానే మొత్తం చూసి పక్కన పడేయకండి. అందులో విస్తీర్ణం సరిగా ఉందా, నివాసమా వాణిజ్యమా, భవనం వయసెంత, మీరే ఉంటున్నారా అద్దెకిచ్చారా, ఇవన్నీ చూడండి. పన్ను తప్పు పడేది ఎక్కువగా రేటు దగ్గర కాదు, ఈ వివరాల దగ్గరే. తప్పుంటే నోటీసులో ఇచ్చిన గడువులోపు రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి. ఏడాది పన్నంతా ఏప్రిల్‌లోనే కట్టేవారికి 5 శాతం రాయితీ ఇచ్చే ఏర్పాటు రెండు రాష్ట్రాల్లోనూ నడుస్తోంది. దాన్ని వదులుకోకండి.

అప్పు తీర్చలేక చిక్కుల్లో పడ్డవాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోండి. బ్యాంకు ఇంటిని వేలం వేసేముందు ఆమోదం పొందిన వాల్యూయర్ చేత విలువ కట్టించి, కనీస ధర నిర్ణయించాలి, అమ్మకానికి ముందు మీకు నోటీసు ఇవ్వాలి. ఆ కనీస ధర మరీ తక్కువనిపిస్తే, వేలం అయ్యాక గోల పెట్టడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. నోటీసు అందిన వెంటనే ఆధారాలతో అభ్యంతరం చెప్పండి.

చివరిగా ఒక్క మాట. ప్రభుత్వం మన ఇంటికి కట్టే విలువ ఎక్కువైనా తక్కువైనా, దాన్ని ప్రశ్నించే దారులు చట్టంలో ఉన్నాయి. దస్తావేజులో మన చేత్తో మనం తగ్గించి రాసుకున్న ధరను ప్రశ్నించే దారి మాత్రం ఎక్కడా లేదు. బ్యాంకు దగ్గర, ఆదాయపు పన్ను శాఖ దగ్గర, భూసేకరణ అధికారి దగ్గర ఆ సంతకమే మనకు ఎదురు తిరుగుతుంది. అందుచేత ఇల్లు కొన్ననాడు ఎంత ఇచ్చారో అంతే రాయించుకోండి. 2 లక్షల స్టాంపు డ్యూటీ ఎక్కువ పోయిందని ఆ రోజు బాధపడినా, మీ ఇంటికి అంతకంటే చవకైన బీమా మరొకటి లేదు.